సంత ముగిశాక వండిన పులుసు

మొన్న సరుకులకని సూపర్‌మార్కెట్టుకి వెళ్ళినప్పుడు కూరగాయల దగ్గర కాసేపు అలాగే నిలబడిపోయాను. వంకర తిరిగిన క్యారెట్లు, రెండు కాళ్ళున్నట్టు చీలిపోయిన, తెల్ల క్యారెట్లలా ఉండే పార్స్‌నిప్పులు, ఒక పక్క చెక్కుకుపోయిన దుంపలు, అన్నీ కలిపి ఒక సంచిలో పోసి, సంచి మీద నవ్వుతున్న మొహం బొమ్మ వేసి అమ్ముతున్నారు. రూపం బాగోలేకపోయినా వీటి రుచికేం తక్కువ లేదు, వృథా చెయ్యకండి అని కింద ముద్దుగా రాశారు. తోపుడుబండి పట్టుకుని పక్కనే ఉన్న మావారు తీసుకుందామా అన్నట్టు నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన బండిని ముందుకు తోసుకుపోయారు. ఎందుకు వద్దన్నానో ఆయనకి తెలుసు. ఇంకెవరికీ తెలియదు, తెలియాలని నేనూ ఇన్నాళ్ళు అనుకోలేదు. నా ఈడువాళ్ళకి, ముఖ్యంగా నలుగురికీ వండి పెట్టుకోవడమే బతుకు అనుకుంటూ పెరిగినవాళ్ళకి చెబితే అర్థమవుతుందేమోనని ఇవాళ రాస్తున్నాను.

ఐర్లండ్ వచ్చేసరికే నేను యాభై దాటిన మనిషిని. మావారు హైదరాబాదు శివార్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో యంత్రాల పని చూసేవారు, అదే పని మీద ఇక్కడి కార్క్ నగరం దగ్గర ఇంకో ఫ్యాక్టరీకి వచ్చారు. ఆ నగరం పక్కనే బాలింకాలిగ్‌లో ఇల్లు అద్దెకి తీసుకున్నాం. మాకు పిల్లలు లేరు. ఆ మాట ఇంతటితో వదిలేస్తాను, ఎందుకంటే దాని గురించి ఇతరులు మాట్లాడినంత మేము ఎప్పుడూ మాట్లాడుకోలేదు. తెనాలి దగ్గర మా పుట్టింట్లో ఏ పూట చూసినా విస్తళ్ళు బారులు తీరి ఉండేవి, మా అమ్మా పెద్దమ్మా కలిసి దించితే తప్ప పొయ్యి మీంచి దిగని గుండిగల్లో వండేవారు, ఆ చేతుల కింద వంట నేర్చుకున్నదాన్ని కాబట్టి నాకు కొంచెంగా వండటం ఎప్పుడూ చేత కాలేదు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరికని మొదలుపెట్టిన కూర ఆరుగురికి అయ్యేది. మావారు నవ్వి, సాయంత్రానికి ఎవరో ఒకర్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. ఆయన మంచితనంలో సగం నా కూరలు చెల్లబెట్టడానికే ఖర్చయిపోయిందని మా తోడికోడలు అంటుండేది.

ఇక్కడ మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో శనివారం సంత జరిగేది. సంతంటే మన సంతలా కేకలూ బేరాలూ ఉండవు, కార్లు నిలిపే ఒక స్థలంలో పదో పన్నెండో గుడారాలు, జున్ను అమ్మేవాళ్ళు, రొట్టెలవాళ్ళు, చేపలవాళ్ళు. ఆ చివర కూరగాయల పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఊరికి పడమరగా ఎక్కడో పొలం, తనే పండించుకుని తనే తెచ్చుకునేవాడు. ఎర్రటి మొహం, పొలం మట్టి వదలని గోళ్ళు, ఎంత వాన కురుస్తున్నా ఇవాళ ఫరవాలేదు గ్రాండ్‌గా ఉంది అనేవాడు. మొదట్లో ఆయన మాట నాకూ నా మాట ఆయనకీ బొత్తిగా తెలిసేది కాదు. కూరగాయ చేత్తో పట్టుకుని చూపించుకునేవాళ్ళం. నేను క్యారెట్టుని విరిచి లేతదా కాదా చూసుకోబోతే మాత్రం కళ్ళు పెద్దవి చేసేవాడు.

ఇంతలో ఆ మాయదారి రోగం వచ్చింది. ఇంటినుంచి రెండు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదన్నారు, రోడ్ల మీద గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కార్లు ఆపి ఎక్కడికని అడిగేవారు. హోటళ్ళు మూతపడ్డాయి. తిండి సరుకులమ్మే సంతలు ఉండనిచ్చారు గాని జనం వచ్చేవారు కాదు, వచ్చినవాళ్ళు కూడా దూరం దూరంగా నిలబడి సంచి అందుకుని పారిపోయేవారు. వారంవారం హోటళ్ళకి వేసే సరుకు మొత్తం పెద్దాయన దగ్గరే ఉండిపోయేది. ఒక శనివారం సంత ముగిసే వేళకి వెళితే, వంకర క్యారెట్లూ, చిట్లిన క్యాబేజీలూ, లీక్స్ అనే పెద్ద ఉల్లికాడలూ ఒక పెట్టెలో పోసి వెనక్కి నెడుతున్నాడు. ఏం చేస్తావని అడిగాను. పశువులకి అన్నాడు. నా మొహంలో ఏం కనిపించిందో గాని, ఆ పెట్టె ఎత్తి నా ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. డబ్బు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఆవులు డబ్బిస్తున్నాయా నాకు?" అన్నాడు. ఆ రోజుల్లో దగ్గరికెళ్ళి చెయ్యి కలపడానికి లేదు. అంత దూరం నుంచే ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ పెట్టెతో నేను చేసిందే ముక్కల పులుసు. కొందరు దప్పళం అంటారు. నాలుగు రకాల ముక్కలూ ఒక గిన్నెలో పడాలి గాని అందులో ఇది తగును, ఇది తగదు అని ఏమీ లేదు. ఇక్కడ టర్నిప్పు అంటే లోపల పసుపుపచ్చగా ఉండే ఇంత లావు దుంప, గట్టిది కాబట్టి అది ముందు ఉడకాలి, తరవాత క్యారెట్లు, పార్స్‌నిప్పులు, అవి సహజంగానే తియ్యన కాబట్టి బెల్లం చెయ్యి వెనక్కి తీసుకోవాలి, చివర్న లీక్స్, క్యాబేజీ కాడలు. బీట్‌రూట్ వేస్తే మటుకు గిన్నె మొత్తం పెళ్ళి బట్టలా ఎర్రగా అయిపోతుంది. చింతపండుతోనే చిక్కు వచ్చింది. మన సరుకులమ్మే కొట్టు కార్క్ ఊళ్ళో ఉంది, అక్కడికి పోనివ్వరు. ఉన్న చింతపండు అడుగంటింది. అప్పుడు పెద్దాయన పెట్టెలోనే రూబార్బ్ అనే కాడలు కనిపించాయి, చూడటానికి ఎర్రటి చామకాడల్లా ఉంటాయి, నోట్లో పెడితే దవడలు గుంజేసే పులుపు. ఆకు విషం, పారేసెయ్, కాడే తినాలి అని ఆయన వేలు చూపించి మరీ చెప్పాడు. ఇక్కడివాళ్ళు దాన్ని పంచదారలో ఉడికించుకుని తింటారు. నేను మెత్తగా ఉడికించి, మెదిపి, పులుసులో కలిపి, కాస్త బియ్యప్పిండి జారుగా పోసి, ఆవాలూ మెంతులూ ఎండుమిర్చీ ఇంగువా పోపు పెట్టాను. మావారు మొదటి ముద్ద తిని తలెత్తి చూశారు. మా అమ్మ పులుసు కాదది, ఇంకెవరి అమ్మదీ కూడా కాదు, కాని పులుసే.

గిన్నెడు అయింది. ఎవరింటికీ ఎవరూ రాకూడని రోజులు, ఈసారి మావారు వెంటబెట్టుకు రావడానికి మనిషి లేడు. అందుకని మేమే పట్టుకెళ్ళాం. మా చుట్టుపక్కల వీధుల్లో తెలుగువాళ్ళ ఇళ్ళు నాలుగు ఉండేవి, అందరూ చిన్నవాళ్ళు, మావారి ఫ్యాక్టరీలోనో అలాంటి ఇంకో చోటో పని. మందులు తయారుచేసేవాళ్ళు కాబట్టి మగవాళ్ళకి షిఫ్టులు తప్పేవి కావు, ఆడవాళ్ళు ఒక చేత్తో కంప్యూటరూ ఇంకో చేత్తో పిల్లలూ పెట్టుకుని సతమతమవుతుండేవారు. స్టీలు గిన్నెలో పోసి, మూత బిగించి, గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టి, గేటు దాకా వెనక్కి వచ్చి నిలబడేదాన్ని. తలుపు తీసి, గిన్నె చూసి, వాళ్ళు దూరంనుంచి చేతులెత్తి దణ్ణం పెడుతుంటే నాకు సిగ్గేసేది. ప్రతి శనివారం అదే అయింది. గిన్నెలు మళ్ళీ మా గోడ మీదకి వచ్చేవి, ఏ గిన్నె కూడా ఖాళీగా రాలేదు. ఒకదాంట్లో నాలుగు పచ్చిమిరపకాయలు, ఒకదాంట్లో గుప్పెడు జీడిపప్పు, పిల్లలు గీసిన బొమ్మ ఒకసారి. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని వాళ్ళ అమ్మలు నేర్పిన అలవాటు ఇంత దూరం వచ్చినా ఉందే అని నేను మురిసిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే, ప్రపంచమంతా ఏడుస్తున్న ఆ రోజుల్లో నేను సంతోషంగా ఉన్నాను. పైకి చెప్పుకోకూడని మాటే, కాని నిజం.

ఆ నాలుగిళ్ళలో ఒక ఇంటి పిల్ల సంగతి వేరుగా చెప్పాలి. మిగిలినవాళ్ళందరూ ఆంటీ అనేవారు, ఆ పిల్ల ఒక్కతే చిన్నమ్మా అనేది. వరంగల్ వైపు పిల్ల. మా వైపు పిన్ని అంటాం, వాళ్ళ వైపు చిన్నమ్మ అంటారు. నాకు ఆ పిలుపు కొత్త, అందుకే కాబోలు చెవికి అంత తియ్యగా తగిలింది. సిటీలో ఆసుపత్రిలో డాక్టరు. చదువు పెద్దది గాని ఉద్యోగం మాత్రం కొన్నాళ్ళకోసారి మళ్ళీ రాయించుకోవాల్సిన కాంట్రాక్టు. భర్త మావారి ఫ్యాక్టరీయే. మొదటిసారి పులుసు తిన్నప్పుడు ఫోను చేసి, "పులుసుల బెల్లం ఏసుడేంది చిన్నమ్మా, ఇదేం కూర?" అని పగలబడి నవ్వింది. ఆ వచ్చే వారం మళ్ళీ తనే ఫోను చేసి, ఇంకొంచెం ఎక్కువ పొయ్యమంది. ఆకులు రాలే కాలానికి కడుపుతో ఉందని తెలిసింది. వార్డుల్లో పని మానిపించి, ఇంటినుంచి ఫోనులోనే రోగుల్ని చూసే పని ఇచ్చారు. వాంతులు. అన్నం వాసన గిట్టదు, పప్పు వాసన గిట్టదు, నా పులుసు ఒక్కటే దిగేది. కన్నతల్లి దగ్గర లేదు, రావడానికి విమానాలు లేవు. అప్పటికి చింతపండు దొరుకుతోంది కాబట్టి ఆ పిల్ల కోసం పుల్లగా విడిగా చిన్న గిన్నె కాచేదాన్ని. ఆ గిన్నె వారానికి ఒకసారి కాదు, రెండుసార్లు మూడుసార్లు వెళ్ళేది. వేవిళ్ళ నాటి పులుపు గురించి నేను విన్నదే గాని ఎరిగింది లేదు. ఒకరి వేవిళ్ళకి వండి పెట్టడం నా చేతికి అదే మొదలు, అదే ఆఖరు.

చలికాలంలో రోగం మళ్ళీ విరుచుకుపడింది. ఒకరింటికి ఒకరు వెళ్ళకూడదని మళ్ళీ గట్టి ఆంక్షలు పెట్టారు. అలాంటి ఒక వారంలో, నేను గిన్నెలు పంచి వచ్చిన నాలుగైదు రోజులకి, ఒక ఇంట్లో జ్వరం అన్నారు. మర్నాటికి ఇంకో ఇల్లు. ఆ తరవాత చిన్నమ్మా అని పిలిచే పిల్ల ఇల్లు, భర్తకీ, తనకీ. నేను కాళ్ళూ చేతులూ ఆడక, ఏం వండి పంపను, ఏమైతే తినగలరు అని ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. నీరసంగా ఉండి ఎత్తలేదనుకున్నాను. సాయంత్రం మా తెలుగువాళ్ళ గ్రూపులో ఒక సందేశం వచ్చింది. రాసింది మొదట జ్వరం వచ్చిన ఇంటాయన. కొన్నాళ్ళపాటు బయటి ఇళ్ళ వంటలు తీసుకోకపోవడం అందరికీ మంచిదనీ, ముఖ్యంగా మార్కెట్లో పదిమంది చేతులు పడి మిగిలిపోయిన కూరగాయలతో చేసినవి అసలు వద్దనీ, మూడిళ్ళకీ ఉమ్మడిగా వెళ్ళింది ఏమిటో అందరూ ఆలోచించుకోవాలనీ, ఎవర్నీ నొప్పించాలని కాదనీ రాసి, చివర్న దణ్ణం పెట్టే బొమ్మ పెట్టాడు. దాని కింద ఒకరి తరవాత ఒకరు సరేనన్నట్టు బొటనవేళ్ళు పెట్టారు. ఒకావిడ, ఏరుకొచ్చిన కూరగాయలని మాకు ఇన్నాళ్ళూ తెలియదు సుమండీ, అంది. తెలియకపోవడమేమిటి? ఆ పెద్దాయన కథ నేను ప్రతి ఇంటి గేటు దగ్గరా నిలబడి చెప్పినదాన్నే కదా.

నాకు కోపం రాలేదు అప్పుడు. భయం వేసింది. నిజంగానే నా చేతి మీదుగా వెళ్ళిందా? కడుపుతో ఉన్న పిల్లకి నేనే పెట్టానా? నాలుగో ఇంటివాళ్ళు కూడా అదే పులుసు తిన్నారు, వాళ్ళకేం కాలేదు, మేమిద్దరం తిన్నాం, మాకేం కాలేదు, అయినా ఆ లెక్క నా మనసుకి ఎక్కలేదు. ఆ పిల్ల డాక్టరు. వంటతో వస్తుందో రాదో తనకి తెలిసినట్టు అక్కడ ఇంకెవరికీ తెలియదు. ఒక్క ముక్క రాస్తుందని ఎదురుచూశాను. సందేశం చూసినట్టు గుర్తు పడింది గాని ఏమీ రాయలేదు. డాక్టరే కాదనలేదు కదా అని మిగిలినవాళ్ళు అనుకుని ఉంటారు. నేనూ అదే అనుకున్నాను.

మర్నాడు పొద్దున లేచి చూస్తే మా గోడ మీద గిన్నెలు ఉన్నాయి. ఎవరు ఎప్పుడు పెట్టి వెళ్ళారో. మూతలు తీసి చూశాను. ఖాళీ. ఒకదాంట్లో కూడా ఏమీ లేదు. బాత్రూములు కడిగే బ్లీచు వాసన కొడుతున్నాయి. మావారు నా చేతిలోంచి లాక్కుని తీసుకెళ్ళి కొళాయి కింద పెట్టి రుద్దటం మొదలుపెట్టారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన గిన్నెలు తోమగా నేను చూడటం అదే మొదటిసారి. ఎంతసేపు తోమారో.

జీపీకి, అంటే మా పేట డాక్టరుకి, ఫోను చేసి, పరీక్షకి రాయించుకుని, కారులోనే కూర్చుని ముక్కులో పుల్ల పెట్టించుకుని వచ్చాం. ఇద్దరికీ లేదని వచ్చింది. ఆ సంగతి గ్రూపులో రాశాను. మాకు లేదని తేలింది, అందరూ త్వరగా కోలుకోవాలి అని అంతే రాశాను. దానికీ బొటనవేళ్ళు వచ్చాయి. ఆ వెంటనే ఎవరో పిల్లల ఆన్‌లైను డాన్సు క్లాసు గురించి అడిగారు. మాట అటు మళ్ళిపోయింది.

ఆ పిల్లకి ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చారని మావారికి ఫ్యాక్టరీలో తెలిసింది. నాలుగు రోజులు, ఐదు రోజులు. నేను దేవుడి ముందు కూర్చునేదాన్ని గాని ఏం అడగాలో తెలిసేది కాదు. పిల్ల బతకాలని అడిగాను, అది సరే. నా వల్ల కాకూడదని కూడా అడిగాను. రెండోది ముందు వచ్చేసేది నోటికి. చివరికి తల్లీ కడుపులో బిడ్డా క్షేమంగా ఇంటికొచ్చారు. వేసవి మొదట్లో ఆడపిల్ల పుట్టింది. ఫోటో గ్రూపులో అందరితో పాటు నాకూ వచ్చింది.

ఆ మధ్యలో సంతకి వెళ్ళక తప్పలేదు. పెద్దాయన ఎప్పటిలాగే నా పెట్టె విడిగా తీసి ఉంచాడు. ఇక వద్దన్నాను. ఆయన మొహం వాడిపోయింది.

"టర్నిప్పులు బాగాలేవా? ఈసారి మంచు పట్టింది, పుచ్చులున్నాయేమో" అన్నాడు.

"బాగున్నాయి. అన్నీ బాగానే ఉన్నాయి."

"నేనేమన్నా అన్నానా?"

"లేదు లేదు" అన్నాను. ఏం చెప్పాలి? నీ కూరగాయలు ఏరుకొచ్చినవి అన్నారని చెప్పనా? నాకు వచ్చిన ఇంగ్లీషు అందుకు చాలదు, తెలుగులో కూడా చెప్పగలిగి ఉండేదాన్ని కాను. నాలుగు క్యారెట్లూ ఒక క్యాబేజీ డబ్బిచ్చి కొనుక్కుని వచ్చేశాను. ఆ తరవాత కూడా నాలుగైదు వారాలు ఆ పెట్టె పక్కన పెట్టే ఉంచేవాడు, నేను చూడనట్టు వెళ్ళిపోయేదాన్ని. ఒకనాడు పెట్టె కనిపించలేదు.

ఆంక్షలు ఎత్తేశారు. టీకాలు వచ్చాయి. మళ్ళీ పండగలనీ పూజలనీ పిలుపులు మొదలయ్యాయి, ఆంటీ ఎలా ఉన్నారు, చాలా రోజులైంది అని అందరూ బాగానే పలకరించేవారు. గిన్నెల మాట ఎవరూ ఎత్తలేదు. ఆ సందేశం రాసినాయన తన చేత్తో స్వీటు తెచ్చి నా ప్లేటులో వేశాడు ఒకసారి. తిన్నాను.

బిడ్డకి ఏడాది దాటాక ఆ పిల్లా భర్తా డబ్లిన్ వెళ్ళిపోతున్నారని విన్నాం. అతనికి ఆ ఊరి శివారు చెర్రీవుడ్‌లో ఉద్యోగం, అక్కడే కొత్త అపార్టుమెంటు. వెళ్ళేముందు ఒక మధ్యాహ్నం ఆ పిల్ల ఒక్కతే వచ్చింది. కారు ఎదురుగా ఆపి ఉంది, వెనక సీట్లో పాప నిద్రపోతోందని, భర్త ముందు కూర్చున్నాడని చెప్పింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"చిన్నమ్మా, మీతోని ఒక మాట చెప్పాలె. చెప్పకపోతే నాకు మనసున పడ్తలేదు."

చెప్పమన్నాను.

"అప్పుడు మాకు జ్వరాలు మీ పులుసుతోని రాలే. మాకు ఎర్కే. ఆ శనివారం మేం మూడిండ్లోళ్ళం ఒక్కకాడ కలిసినం. గ్రూపుల రాసినాయన లేడా, వాళ్ళ బాబు పుట్టినరోజు. కేకు కోసినం, పాటలు పెట్టుకున్నం. చలి అని కిటికీలు కూడ తెరవలే. మీరు పంపిన పులుసు కూడ ఆడికే తీస్కపోయినం, అందరు మంచిగ తిన్నరు."

మూడిళ్ళకీ ఉమ్మడిగా వెళ్ళింది ఏమిటో నాకు అప్పటికి అర్థమైంది. నేను ఎందుకో ముందు ఇదే అడిగాను. "మమ్మల్ని పిలవలేదేం?"

"పెద్ద వయసోళ్ళు కద, మీకేమన్న అయితదేమో అని..." అంది.

నవ్వు వచ్చింది నాకు. మా వయసు మీద వాళ్ళకి అంత జాగ్రత్త ఉందన్నమాట.

"గ్రూపులో ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదమ్మా. వంటతో రాదని. డాక్టరువి, నువ్వు రాస్తే అందరూ నమ్మేవాళ్ళు."

"రాద్దామనే ఫోను పట్టుకున్న చిన్నమ్మా. రాస్తే, మరెట్ల వచ్చింది అని అడుగుతరు. కలిసినమని బయటపడితే గార్డుల కంటె నాకు హాస్పిటల్ భయం. నా కాంట్రాక్టు మల్ల రాయాల్సింది ఆ నెలనే. మీరేమనుకోరు, మీరు మా చిన్నమ్మనే కద అనుకున్న."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

"పోతున్నం కద. ఇది మోసుకపోబుద్ధి కాలే."

"నువ్వు ఇక్కడ దించేసి పోతున్నావు" అన్నాను. "నేనెక్కడ దించుకోను?"

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకెప్పుడైనా అయితే నా చెయ్యి దానంతటదే వెళ్ళి తల నిమిరేది. ఆరోజు చెయ్యి కదలలేదు. కారు దాకా వెళ్ళాను. అద్దంలోంచి పాపని చూశాను, నోరు కొంచెం తెరుచుకుని పడుకుంది, బుగ్గ మీద సీటు అంచు గుర్తు పడింది. ఎత్తుకోమని తను అనలేదు. ఎత్తుకుంటానని నేనూ అనలేదు. భర్త అద్దం దింపకుండానే తల వంచి నమస్కారం పెట్టాడు. కారు మలుపు తిరిగేదాకా ఉండకుండా లోపలికి వచ్చేశాను.

సాయంత్రం మావారికి చెప్పాను. ఆయనకి అంత కోపం రావడం నేను ఎరగను. ఫోను తీసి, జరిగింది జరిగినట్టు గ్రూపుకి రాసి, ఇదిగో చదువుకుని పంపు, పేరు పేరునా రాశాను, అని నా చేతిలో పెట్టారు. చదివాను. ఒక్క అబద్ధం లేదు అందులో. చెరిపేశాను. ఆ పిల్ల ఉద్యోగం కోసం చెరిపేశావా, ఇంకా ఆ పిల్ల మీద మమకారమేనా అని ఆయన నిలదీశారు. అవునంటే గొప్పగా ఉండేది. నిజానికి నేను అనుకున్నది వేరు. ఇది పంపితే వాళ్ళందరూ రేపు వరసగా వచ్చి సారీ ఆంటీ అంటారు. అన్నాక నేను ఫరవాలేదమ్మా అనాలి. అన్నాక మళ్ళీ వెనకటిలాగే గిన్నె ఎత్తాలి, గుమ్మం ముందు పెట్టి బెల్లు కొట్టాలి. నాకు అది చేత కాదు. వాళ్ళు తప్పు చేసినట్టే ఉండిపోవాలి, నేను వాళ్ళకేమీ పెట్టకుండా ఉండిపోవాలి, అదే న్యాయంగా తోచింది. ఆయనకి ఆ మాటే చెప్పాను. ఆయన వెళ్ళి టీవీ పెట్టుకున్నారు.

ఆ శనివారం మాత్రం సంత ముగిసే వేళకి వెళ్ళాను. టర్నిప్పులు బాగానే ఉండేవని, ఆయన అన్నదేమీ లేదని, ఈసారి ఎలాగైనా చెప్పాలని ఇంగ్లీషు మాటలు దారి పొడుగునా కూర్చుకుంటూ వెళ్ళాను. ఆ చివర గుడారంలో సబ్బులూ కొవ్వొత్తులూ అమ్మే అమ్మాయి ఉంది. పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో రావడం మానేశాడని, పొలం కౌలుకిచ్చేశాడని పక్క రొట్టెలతను చెప్పాడు. ఏ ఊరో అడిగితే చెప్పాడు గాని ఆ పేరు నా నోటికి తిరగలేదు, ఇంటికొచ్చేసరికి మరిచిపోయాను.

ఇప్పుడు మా పేటలో తెలుగువాళ్ళు బాగా పెరిగారు. పండగలకి హాలు అద్దెకి తీసుకుంటారు, వంట కేటరింగువాళ్ళది, ఎవరి భోజనం వాళ్ళకి మూతపెట్టిన డబ్బాల్లో వస్తుంది. చాలా శుభ్రంగా ఉంటుంది. అది ఎవరు వండారో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ ఉండదు. పిల్లలు ఎలా ఉన్నావని మనం తెలుగులో అడిగితే అయామ్ గ్రాండ్ అని ఇక్కడి యాసలో జవాబు చెప్పి పరుగెడతారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటారు. రోగం పోయి ఇన్నేళ్ళయినా, చేతిలో గిన్నె పట్టుకుని ఒకరింటికి ఒకరు నడిచి వెళ్ళడం మాత్రం మళ్ళీ మొదలవలేదు. ఎందుకు ఆగిందో ఈ కొత్తవాళ్ళకి తెలియదు. అసలు అలాంటిదొకటి ఉండేదని కూడా తెలియదు.

మొన్న ఏప్రిల్‌లో పక్కింట్లోకి ఒక కొత్త జంట దిగారు. రాజమండ్రి వైపు వాళ్ళు. ఒకరోజు నేను పోపు పెడుతుండగా ఆ అమ్మాయి పెరట్లో బట్టలు ఆరేస్తూ, కంచె మీదుగా మా వంటింటి కిటికీ వైపు తల పెట్టి, "ఆంటీ, ఏం చేస్తున్నారు? ఎంత మంచి వాసనొస్తోందో, మా అమ్మ గుర్తొచ్చింది" అంది. మొహం పీక్కుపోయి ఉంది, కళ్ళ కింద నలుపు. నోట్లో నీళ్ళూరుతున్నట్టు గుటక వేసింది. చూడగానే తెలిసిపోయింది నాకు, మూడో నెలో నాలుగో నెలో.

"ఏం లేదమ్మా, మామూలు పులుసే" అన్నాను.

ఇంకేమైనా అంటానేమోనని ఆ అమ్మాయి కాసేపు నిలబడింది. నేను నవ్వి, కిటికీ వేసేశాను. స్టవ్వు మీద పులుసు ఇంకా కుతకుతలాడుతోంది.